జబ్బు లేని ఆవులు

గేటుకి అడ్డంగా నిలబడ్డాడు యోనాస్.

"నా ఆవులకి జబ్బు లేదు, డాక్టర్."

"తెలుసు. పక్క ఫారంలో ఉంది. చుట్టుపక్కల పశువులన్నిటినీ తీసెయ్యమని ఆర్డర్."

విద్యాసాగర్ ఆర్డరు కాగితం ముందుకి చాపాడు.

కర్నూలు వైపు పశువుల డాక్టరు అతను. భార్య నీలిమ మాంచెస్టర్‌లో జీపీ, అంటే ఫ్యామిలీ డాక్టరు. రెండువేల ఒకటిలో గాలికుంటు వ్యాధి ఇంగ్లండంతా పాకినప్పుడు అక్కడి ప్రభుత్వం అతనికి తాత్కాలికంగా ఉద్యోగమిచ్చింది. వాళ్ల ఊళ్లో గాలికుంటు వస్తే పుండ్లు కడిగి, మందు రాసి, గంజి పట్టి బతికించుకుంటారు.

ఇక్కడ తుపాకీ.

"పరిహారం ఇస్తారు" అన్నాడు మెల్లగా.

"ఇస్తారు. ఫారం పోతుంది."

ముసలాయన నెత్తిమీది చిన్న నల్లటోపీ సర్దుకున్నాడు.

నాజీల కాలంలో జర్మనీ నుంచి తప్పించుకొచ్చిన యూదు పిల్లలు ఈ నేలమీదే సేద్యం నేర్చుకున్నారు. పొద్దున్నే ప్రార్థన, ఆపైన పొలం పని, అందరికీ ఒకటే వంటిల్లు. యుద్ధం అయ్యాక ఒక్కొక్కరే ఇజ్రాయెల్‌కో సిటీకో వెళ్లిపోయారు. యోనాస్ మిగిలాడు. మాంచెస్టర్‌లో నిష్ఠగల యూదులు, పితికేటప్పుడు తమవాడొకడు దగ్గరుండి చూసిన పాలే తాగుతారు. ఆ పాలమీదే ఫారం నడుస్తోంది. స్థలం యూదుల ధర్మ ట్రస్టుది. పాలు ఆగితే అమ్మేస్తారు.

"మీరూ వాళ్లతో వెళ్లిపోవాల్సింది కదా?"

"నేను ఇక్కడే ఉండాలి" అన్నాడు యోనాస్.

విద్యాసాగర్ ఆఫీసుకి ఫోన్ చేశాడు. ఈ ఒక్క మందనీ వదిలెయ్యమని బతిమాలాడు.

"ఎవరికీ మినహాయింపు లేదు" అంది అవతలి గొంతు.

తుపాకులవాళ్లు చివరి ఆవు దగ్గరికి వచ్చేసరికి దాని మెడని కావలించుకుని యోనాస్ జర్మన్‌లో ఏదో చెబుతున్నాడు. విద్యాసాగరే భుజం పట్టుకుని పక్కకి తీసుకొచ్చాడు. ముసలాయన పెనుగులాడలేదు. పెనుగులాడి ఉంటే బాగుండుననిపించింది.

ఇంట్లో పెరుగన్నం పళ్లెం పక్కకి జరిపాడు.

"జబ్బు ల్యాని ఆవులు, నీలిమా."

"నువ్వు కాకపోతే ఇంకొకరు చేసేటోళ్లు. నీ చేతిలో ఏముంది?"

ఏమీ లేదు. అదే బాధ.

చలికాలం వచ్చేసరికి ఫారం అమ్ముడుపోయింది. ఒకరోజు క్లినిక్ నుంచి వస్తూనే నీలిమ చెప్పింది.

"మీ యోనాస్‌ని కేర్ హోంలో చూసినా. తిండి ముట్టడంల్యా. ఫారంకి తీస్కపోండి అని ఒకటే మాట. ఒకసారి పోయి పలకరించి రా."

"ఏం మొగం పెట్టుకోని పోయేది?"

వాయిదా వేస్తూ వేస్తూ, చివరికి వెళ్లాడు. మంచం ఖాళీగా ఉంది. అదే ఫారంలో యోనాస్‌తో కలిసి పెరిగిన రూత్ అనే పెద్దావిడ అతని బట్టలు మడతపెడుతోంది.

"నిన్ననే మట్టి చేశాం" అంది.

విద్యాసాగర్ తలుపు దగ్గరే నిలబడిపోయాడు.

"ఆ నేలంటే ఆయనకి అంత మమకారమా, ఆంటీ?"

"నేలా?" రూత్ తల అడ్డంగా ఊపింది. "సేద్యమంటే గిట్టేది కాదు యోనాస్‌కి. మొదట్లో ఆవుని ముట్టుకోవాలంటేనే భయం."

"మరి?"

"బెర్లిన్‌లో రైలెక్కేటప్పుడు వాళ్లమ్మకి చెప్పిన అడ్రసు అదొక్కటే నాయనా, వెనకాలే వస్తానందట ఆవిడ, వచ్చి వెతుక్కుంటుందని ఇన్నేళ్లూ అక్కడే ఉండిపోయాడు."