కొలంబో రంగులు

“మీ పేరేమన్నారు సార్?” అని మేనేజరు మళ్లీ అడిగాడు.

“మద్దిలేటి. మాది పులివెందుల. బట్టల యాపారం” అన్నాడు జయకర్, తడుముకోకుండా.

మూడూ అబద్ధాలే. ఊరు ప్రొద్దుటూరు, చేసేది అచ్చాపీసు. ఆ మాట చెబితే ‘నువ్వూ అచ్చు వేసేవాడివే కదా, మా గుట్టు నీకెందుకు’ అని గేటు బయటే నిలబెడతారని భయం. క్యాలెండర్లు వేయించుకోవడానికి వచ్చిన షావుకారునని చెప్పాడు కాబట్టి కుర్చీ వేశారు. టీ ఇచ్చారు. టీతోబాటు కేకు కూడా పెట్టారు.

ఆ కేకు చూడగానే జయకర్‌కు కడుపు మండిపోయింది. అమీర్ బాషాకు కూడా ఇట్లాగే పెట్టి ఉంటారు!

ప్రొద్దుటూరులో బాషా ప్రెస్సూ, జయకర్ ప్రెస్సూ ఎదురెదురుగా ఉంటాయి. రెండు నెలల కిందట బాషా సిలోను పోయి, కొలంబోలో ఈ ఫ్యాక్టరీ చూసి వచ్చాడు. వచ్చింది మొదలు టీ అంగట్లో ఒకటే ఊదర.

“అబ్బబ్బ, ఏం మిషనప్పా అది! ఈ పక్క తెల్లకాగితం పెడితే ఆ పక్క నెమలి వస్తాది. ఇంగ మన సీసం అక్షరాల కాలం అయిపోయింది జయకరూ. రంగుండల్ల, రంగు! అక్షరాలెవురు చూస్తాండారు? నేనైతే నావన్నీ తూకానికి అమ్మేస్తాండా.”

అన్నంత పనీ చేశాడు. ఆ వారమే జయకర్ కళ్లెదుట సీసం పెట్టెలు బండికెత్తించాడు.

జయకర్‌కు ఇక అన్నం సయించలేదు. ఊళ్లో బంగారు అంగళ్లవాళ్లు ఏటా ఉగాదికి క్యాలెండర్లు వేయిస్తారు. ఆ పని తండ్రి కాలం నుంచీ జయకర్‌దే. ఏడాదంతా ప్రెస్సు నడిచేది దానిమీదే. అది బాషా చేతికి పోయిందంటే తలుపులు మూసుకోవాల్సిందే. నిజం చెప్పాలంటే ఆ భయం కన్నా, బాషాగాడు తనకంటే ముందు సముద్రం దాటాడన్న కుళ్లే అతన్ని ఎక్కువగా తినేసింది. చర్చిలో కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తున్నా నెమలే కనిపించింది మహానుభావుడికి.

సరిగ్గా అప్పుడే ముద్దనూరు నుంచి ఒక పాతసామాన్ల వ్యాపారి వచ్చి, “అక్షరాలుంటే ఇస్తావా అప్పా, సీసానికి తీసుకుంటా” అన్నాడు. జయకర్ ఒక ధర చెబితే, బేరమైనా ఆడకుండా ఒప్పుకున్నాడు. ‘పిచ్చి నాయాలు’ అని లోపల నవ్వుకున్నాడు జయకర్.

అవి మామూలు అక్షరాలు కావు. తండ్రి ఆనందయ్య మిషనరీల ప్రెస్సులో పని నేర్చి, ఒక్కొక్క అక్షరమూ తన చేత్తో చెక్కి పోత పోసుకున్నవి. ఆ పొందిక ఇంకే ప్రెస్సులోనూ లేదు.

“ఏమయ్యా, మామ చేతి పనిని సీసం లెక్కన అమ్ముకుంటాండావా? నీకు మనసెట్లా వచ్చింది?” అని భార్య అరుణకుమారి పెట్టెలకు అడ్డం కూర్చుంది.

“నువ్వు లెయ్ ఆడనుంచి. ఆ బాషాకు తెల్సినంత కూడా నాకు తెల్దా? నేనూ పోతా కొలంబో. రంగుల క్యాలెండర్లు ఆడ ఏపిచ్చి తెస్తా. షావుకార్లు బాషా మొగం కూడా చూడకూడదు!”

అక్షరాలు అమ్మిన దుడ్లు జేబులో పెట్టుకుని ఎర్రగుంట్లలో రైలెక్కాడు. ధనుష్కోడిలో ఓడెక్కాడు. ఓడ కదిలింది మొదలు వాంతులే వాంతులు. వాంతి చేసుకున్నప్పుడల్లా బాషాను తిట్టుకున్నాడు.

మేనేజరు తల్లిది చిత్తూరట, తెలుగు బాగానే మాట్లాడుతున్నాడు. జయకర్‌ను మిషను దగ్గరికి తీసుకెళ్లాడు. దడదడమని మిషను తిరిగింది. నిజంగానే నెమలి వచ్చింది. నీలం, పచ్చ, బంగారు వన్నె. బాషా చెప్పింది అబద్ధమైతే బాగుండునని దారిపొడుగునా ఆశపడిన జయకర్‌కు ఏడుపొచ్చినంత పనైంది.

ఇక ఉండబట్టలేక అడిగేశాడు. “ప్రొద్దుటూరు నుంచి అమీర్ బాషా అనే ఆయన వచ్చినాడంట కదా. ఎన్ని క్యాలెండర్లకు ఆర్డరిచ్చినాడు?”

“వచ్చినప్పుడు ఒక్కదానికీ ఇయ్యలేదు సార్.”

జయకర్‌కు ప్రాణం లేచివచ్చింది. “ఏం? చేతిలో దుడ్లు లేవా?”

“దుడ్లున్నాయి సార్. మా బొమ్మలు శానా నచ్చినాయి. అక్షరాల దగ్గరే ఆగిపోయినాడు. మా తెలుగు అక్షరాలు అంత బాగుండవు. ఆయన ఒక కాగితం చూపించి, ఇట్లా వేయగలరా అన్నాడు. మావాళ్లు తలకిందులైనా కుదర్లేదు. బొమ్మ ఏదైనా పర్వాలేదు, అక్షరాలు మాత్రం ఇవే ఉండల్లని వాళ్లూరి బంగారు షావుకార్లు పట్టుబట్టినారంట.”

మేనేజరు సొరుగులోంచి ఆ కాగితం తీసి చేతికిచ్చాడు. నిరుటి క్యాలెండరులోని చైత్రమాసం. జయకర్ ప్రెస్సులో అచ్చయింది!

జయకర్ గుండె ఉప్పొంగింది. ఓరి బాషా! టీ అంగట్లో రంగులని ఎగిరెగిరిపడి, ఇక్కడికొచ్చి నా కాగితం చూపించుకున్నావా? ఇన్నాళ్లూ ఏడుస్తున్నది నేనొక్కడినే అనుకున్నానే! ఓడలో పడిన బాధంతా మరిచిపోయాడు. నవ్వు ఆపుకోలేకపోయాడు.

“పాపం! అయితే ఈ ఏడు బాషాకు క్యాలెండర్ల పని లేనట్టే!”

“ఎందుకు లేదు సార్? బొమ్మలు మటుకు వేసి పంపమని నిన్ననే తంతి ఇచ్చినాడు. ఆ అక్షరాలు చేతికొచ్చేసినాయంట.”