కాగితాలున్నవాడు

"గడప దాటకురా అంటే వినవేం?" అని పొద్దున్నే బామ్మర్ది మీద విరుచుకుపడ్డాడు లిఫ్టు మెకానిక్కు.

బామ్మర్ది పనిచేసిన ప్లాస్టిక్ కుర్చీల ఫ్యాక్టరీ మూతపడింది. దాంతోపాటే వీసా కూడా హరీమంది. వేరే పని వెతుక్కోమని దయతలచి ఇచ్చిన అరవై రోజులూ అయిపోయాయి. ఇప్పుడు దొరికితే పెట్టె కూడా సర్దుకోనివ్వరు, అట్నుంచటే విమానం ఎక్కిస్తారు. తమ్ముడికేమవుతుందోనని అక్కకి ముద్ద దిగడం లేదు.

వాడు మాత్రం పది రోజులుగా నున్నగా గడ్డం గీసుకుని పనికి పోతున్నాడు. ఎవరో కాంట్రాక్టరు దగ్గర డ్రైవరుట. కాగితాలు అడగలేదుట. మహానుభావుడు!

"జనాన్ని తిప్పే బండి బావా. దారిలో ఎన్ని తనిఖీలున్నా నన్నెవరూ ఆపలేదు," అన్నాడు వాడు తాపీగా.

"ఆపిననాడు నీతోపాటు నా కొంపా మునుగుతుంది."

వాడు నవ్వి వెళ్ళిపోయాడు.

మెకానిక్కు భయంలో తప్పులేదు. ఈ ఊరి తనిఖీల తీరే అంత. అన్నీ సక్రమంగా ఉన్న క్షౌరశాల ఓనర్ని, ఫొటోలో మీసముంది ముఖాన లేదని పట్టుకుపోయారు. ఎనిమిదేళ్ళుగా చీటీముక్క కూడా లేని పళ్ళరసం వాడి దగ్గర మాత్రం ఆఫీసర్లే వరసలో నిలబడతారు, ఐసు తక్కువెయ్యమని బతిమాలతారు.

తన సంగతి మెకానిక్కుకి బెంగలేదు. మూడేళ్ళ పర్మిట్ లామినేషన్ చేయించి బీరువాలో దాచాడు.

గంట తర్వాత చెత్త పారేద్దామని కిందికి దిగాడు. మలుపులో ఇద్దరు ఆఫీసర్లు ఆపి కార్డడిగారు.

"మూడో అంతస్తులో ఉందండీ. రెండు నిమిషాల్లో తెస్తాను."

"అందరిదీ మూడో అంతస్తులోనే ఉంటుంది," అంటూ చెత్తసంచీతో సహా వ్యాన్ ఎక్కించి, బయట తాళం వేశారు. తర్వాత ఇంకెవరినో పట్టుకోవడానికి రోడ్డు దాటారు.

మెకానిక్కుకి ఏడుపొచ్చింది. ఇనుప జాలీ పట్టుకుని డ్రైవర్ని గొంతు చించుకుని పిలిచాడు.

"బాబ్బాబూ, నాకు పర్మిట్ ఉంది! మా ఆవిడకి ఒక్క కేక వెయ్యి, తెచ్చి చూపిస్తుంది!"

"మెల్లిగా బావా," అన్నాడు డ్రైవరు వెనక్కి తిరక్కుండా, "మనం చుట్టాలమని తెలిస్తే నన్నూ కాగితాలడుగుతారు."