దాపటెద్దు

"కళ్లు మూసుకో అన్నా," అంటూ పాత సామాన్ల కొట్టామె లారీ మెకానిక్ చేతిలో ఏదో పెట్టింది.

చూస్తే ఎర్ర ప్లాస్టిక్ ఎద్దు. ఒక కొమ్ము విరిగింది.

పదహారేళ్లుగా ప్రతి ఆదివారం అతను ఆ కొట్టులో పాత బొమ్మల బస్తాలు కుమ్మరించి వెతుకుతున్నాడు. ఏరుకెళ్లిన ప్లాస్టిక్ మనుషులతో, జంతువులతో అతని గదిలో మూడు అల్మారాలు నిండాయి. వాటి మధ్య అతని చిన్నప్పటి బొమ్మ బండి ఒకటి ఉంది. దానికి కుడివైపు కట్టే వలపటెద్దు ఉంది. ఎడమవైపు దాపటెద్దు లేదు.

"ఒంటెద్దు బండి తోలింది చాలు. ఇవాళ్టికి జత కుదిరింది. మిఠాయి పెట్టించు," అందామె.

అతను ఎద్దును తిరగేశాడు. పొట్ట కింద మేకుతో గీసిన వంకర సున్నా ఉంది. చిన్నప్పుడు తమ్ముడు గీసిన గుర్తు. ఇల్లు పంచుకున్న రోజు అన్నదమ్ములు చెరో ఎద్దు తీసుకున్నారు. ఆ తర్వాత ఇద్దరికీ మాటల్లేవు.

"ఎవరిచ్చారు?"

"ఎవరో పెద్దమనిషి, ఇల్లు సర్దుతూ తూకానికేశాడు. అతనిది అచ్చం నీ ముక్కే అన్నా! బొమ్మ బాగుంది, ఉంచుకోరాదా అన్నాను. ఏం చేసుకోను అన్నాడు."

అతను ఎద్దును మళ్లీ బస్తాలో వేశాడు.

"అదేంటి! ఇన్నేళ్లూ దీనికోసమేగా వెతికావు?"

"వెతకలేదమ్మా. వారం వారం వచ్చి, ఇది ఇక్కడికి రాలేదు కదా అని చూసుకుని పోయేవాణ్ణి."