గంటతో పాటు ఒక దీపం

"ఈ అమ్మాయి నా షెడ్డులో వద్దమ్మా! బొత్తిగా వినబడదు. రేపు ఏ మూలో నిప్పంటుకుని గంట మోగితే ఎవరు చూసుకుంటారు?"

నేత షెడ్డు మేస్త్రీ ఒంటికాలి మీద లేచాడు. మిల్లులోకి మనుషుల్ని తీసుకునే ఆఫీసరమ్మ కూడా తగ్గే రకం కాదు. వాళ్ళిద్దరి మధ్య నిలబడి కొత్తమ్మాయి ఒకసారి ఆవిడ పెదాలు, ఒకసారి ఆయన పెదాలు చూస్తోంది. పనిలో పెట్టి చూసిన ఈ వారం రోజుల్లో ఆమె మగ్గం మీద ఒక్క పోగు తప్పు పోలేదు. ఇక తేలాల్సింది ఒక్కటే, పని ఖాయమా, ఇంటికా అని.

"లోపల ఆ మోతలో ఎవరికి మాత్రం ఏం వినబడుతుంది మేస్త్రీ గారూ? మీరందరూ పెదాలు చూసుకునేగా మాట్లాడుకునేది! మీవాళ్ళు ఏడాదికి గానీ నేర్చుకోలేని విద్య ఈమెకి చిన్నప్పుడే వచ్చు."

"మాటల సంగతి వేరు, గంట సంగతి వేరు."

కొత్తమ్మాయి జేబులోంచి చిన్న పుస్తకం తీసి గబగబా రాసి చూపించింది. 'గంటతో పాటు వెలిగేలా ఒక ఎర్ర దీపం పెట్టించండి. అందరూ ఉంటే వాళ్ళని చూసి లేస్తాను. మగ్గాలు ఆగితే నేల అదరడం ఆగుతుంది, అదీ తెలుస్తుంది. ఒంటరిగా ఉన్నప్పుడే దీపం కావాలి.'

"ఒక్క మనిషి కోసం షెడ్డంతా తీగలు లాగుతారా? ఎన్నేళ్ళ నుంచో ఆ గంటతోనే నడుస్తోంది నా షెడ్డు," అన్నాడు మేస్త్రీ.

ఆఫీసరమ్మకి ఒళ్ళు మండింది. పక్కకి తిరిగి ఏదో గొణుక్కుంది.

"ఏదైనా ఉంటే ఎదురుగా అనండమ్మా. మొహం తిప్పుకుని మాట్లాడితే నాకు గిట్టదు."

ఆయన వరసే అంత. వెనక నుంచి ఎంత పిలిచినా పలకడు. భుజం తడితే, 'ఎదురుగా వచ్చి చెప్పు' అంటాడు. నేతవాళ్ళు చాటుగా 'ఎదురుగా మేస్త్రీ' అని పేరు కూడా పెట్టారు. ఏం పెద్దరికమో ఏం పాడో అనుకుంది ఆఫీసరమ్మ.

చివరికి మేస్త్రీయే ఒక మెలిక పెట్టాడు. "సరే, పరీక్ష పెట్టండి. గంట మోగిన రెండు నిమిషాల్లో ఈ అమ్మాయి గేటు దగ్గరుండాలి. ఉందా, నేను నోరు మూసుకుంటాను. లేదా, మీరు పంపించేయండి."

"ఒప్పుకున్నాను. కానీ ఎప్పుడు కొట్టిస్తానో ఆమెకీ చెప్పను, మీకూ చెప్పను."

మేస్త్రీ మొహం ఒక్క క్షణం పాలిపోయింది. "నాకెందుకు చెప్పరు?"

"చెబితే ఆ వేళకి ఈమెని ఏ గోడౌనుకో పంపేస్తారు కనక!"

ఆయన విసురుగా షెడ్డులోకి వెళ్ళిపోయాడు. బాగా ఉడుక్కున్నాడులే అని ఆఫీసరమ్మ లోలోపల నవ్వుకుంది.

రెండు రోజులాగి, పొద్దున్న పదకొండు గంటలకి ఆవిడ చేతి గడియారం చూసుకుంటూ గేటు దగ్గర నిలబడి వాచ్‌మన్‌కి సైగ చేసింది. గంట మిల్లంతా అదిరేలా మోగింది. మగ్గాలు ఒక్కొక్కటే ఆగాయి. నేతవాళ్ళు బిలబిలమంటూ బయటికొచ్చారు. ఆఫీసరమ్మ ఒక్కొక్క మొహమే వెతుక్కుంది. కొత్తమ్మాయి లేదు.

"రెండు నిమిషాలైపోయింది మేడమ్," అన్నాడు వాచ్‌మన్.

ఆవిడ నేతవాళ్ళ వైపు తిరిగింది. "ఎవరూ చూడలేదా ఆమెని?"

"గుమ్మం దాకా నాతోనే వచ్చింది మేడమ్," అంది పక్క మగ్గం ఆవిడ. "వెనక్కి తిరిగి చూసి, మళ్ళీ లోపలికి పరిగెత్తింది."

నాలుగో నిమిషంలో కొత్తమ్మాయి కనబడింది. పక్కనే మేస్త్రీ. ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు గట్టిగా పట్టుకుని ఉన్నారు. ఆయన తల నిండా దూది నుసి, వేళ్ళ మధ్య తెగిన పోగు.

ఆఫీసరమ్మకి అంతా అర్థమైపోయింది. విసవిసా నడిచి వెళ్ళి ఆయన ఎదుట నిలబడింది.

"సైగ చేసి వెనక్కి పిలిచారు కదూ! ఈమెని ఓడించడానికి చెయ్యి పట్టుకుని ఆపేశారు కదూ! మీ పంతం తగలెయ్య, ఇంత వయసొచ్చి ఇదేం బుద్ధండీ?"

మేస్త్రీ తల దించుకున్నాడు. చుట్టూ చేరినవాళ్ళు గుసగుసలాడుకుంటున్నారు. కొత్తమ్మాయి ఆయన వంక చూసింది, జనం వంక చూసింది, పుస్తకం తీసి ఆగి ఆగి రాసి, ఆ కాగితం చింపి ఆఫీసరమ్మ చేతిలో పెట్టింది. 'ఆలస్యం నాదే. ఆయన్ని ఏమీ అనకండి. రేపటి నుంచి రాను.'

ఆఫీసరమ్మకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మాటంటే మాటే, అందరి ముందూ ఒప్పుకున్న షరతు. ఏం చెయ్యాలో తోచక ఆ కాగితం పట్టుకుని అలాగే నిలబడింది.

మేస్త్రీ దాన్ని ఆవిడ చేతిలోంచి తీసుకుని చదివాడు. మళ్ళీ చదివాడు. నాలుగు మడతలు పెట్టి తన జేబులో వేసుకున్నాడు.

"నేను పిలవలేదమ్మా. చివరి మగ్గం కింద దూరి, గోడ వైపు తిరిగి పోగు ముడేసుకుంటున్నాను. ఈ అమ్మాయే వచ్చి నన్ను లాక్కొచ్చింది," అన్నాడు.

"అందరూ పరిగెడుతుంటే, గంట అంతలా మోగుతుంటే, పోగు ముడేసుకుంటున్నారా?"

"దీపాలు రెండు రాసుకోండమ్మా. ఆ గంట నాకు వినబడక ఆరేళ్ళయింది."