రెండువందల పన్నెండో గుండె

“మోగుతోంది సార్, మోగుతోంది!”

డాక్టరమ్మ కుర్చీలోంచి లేచి నిలబడిపోయింది. రెండేళ్లుగా మూగనోము పట్టిన ఫోను నంబరు అది. గోడ గడియారంలో అయిదుకి ఇంకా పది నిమిషాలున్నాయి. అయిదింటిలోపు లెక్కలు పంపకపోతే ఆమె పరిశోధన, దాంతోపాటు రావలసిన డిగ్రీ, రెండూ మరో ఏడాది వెనక్కిపోతాయి.

“స్పీకర్లో పెట్టు,” అంటూ పెద్ద డాక్టరు పక్కకొచ్చి నిలబడ్డాడు. ఆ పరిశోధన చేయిస్తున్నది ఆయనే.

మూడువందల మంది గుండెజబ్బు మనుషుల దగ్గర రక్తం తీసి, ఒంటిలోపల వాపు ఎంతుందో చెప్పే సీఆర్పీ అనే అంకె రాసుకున్నారు. అంకె బాగా ఎక్కువున్నవాళ్లకి రెండేళ్లలోపు గుండెపోటు రావచ్చని వాళ్ల వాదన. ఇప్పటిదాకా అచ్చు గుద్దినట్టు సరిపోయింది. మిగిలింది రెండువందల పన్నెండో నంబరు ఒక్కడే. అందరికంటే పెద్ద అంకె ఆయనదే మరి! ఆయన గానీ నిక్షేపంలా ఉంటే, పరిశోధనని పరీక్షించే పెద్దలు మొట్టమొదట వేలు పెట్టేది అక్కడే.

“పాపం, ఉండి ఉండడు సార్,” అంది. గొంతులో పాపం కంటే ఆత్రమే ఎక్కువుంది.

“హలో! ఎవరూ?” అవతల గొంతు ఖంగుమంది.

“ఆసుపత్రి నుంచండీ. పెద్దాయన తాలూకు మనుషులెవరైనా...”

“తాలూకు మనుషులెందుకు, నేనే! ఒక్క క్షణం ఆగమ్మా. నీళ్ల ట్యాంకు కడుగుతున్నా, నిచ్చెన దిగి మాట్లాడతా.”

డాక్టరమ్మ మొహం మాడిపోయింది. ట్యాంకు కడుగుతున్నాడట! నిచ్చెనెక్కాడట!

“బాబాయిగారూ, ఈ రెండేళ్లలో ఛాతీలో నొప్పేమైనా...?”

“లేదే!”

“ఆసుపత్రిలో చేరారా?”

“నాకేం ఖర్మ?”

“పోనీ ఆయాసం? కొంచెం? మెట్లెక్కితేనైనా?”

పెద్దాయన పకపకా నవ్వాడు. “ఏం తల్లీ, బేరమాడుతున్నావు? నేను పోయుంటే నీకు పని తేలికయ్యేదా ఏంటి?”

ఆమెకి తల కొట్టేసినట్టయింది. పెద్ద డాక్టరు ఫోనుకి చెయ్యి అడ్డం పెట్టి గుడ్లురిమాడు. “సిగ్గులేదూ? మనిషి బతికున్నాడంటే ఆ ఏడుపుమొహమేంటి అమ్మాయ్! మనం డాక్టర్లం. ముందు ప్రాణం, తర్వాతే కాగితం.”

“తప్పయిపోయింది సార్.” నిజంగానే సిగ్గుతో చచ్చిపోయింది.

ఆయన చెయ్యి తీయబోతూ ఆగి, గొంతు తగ్గించాడు. “అన్నట్టు, రక్తం తీసినరోజు జ్వరముందేమో అడుగు. జ్వరమొచ్చినా ఆ అంకె పెరుగుతుంది. అప్పుడు ఆయన్ని లెక్కలోంచి తీసేయొచ్చు.”

అయిదుకి ఆరు నిమిషాలు. డాక్టరమ్మ మళ్లీ ఫోను దగ్గరకి వంగింది.

“బాబాయిగారూ, కాస్త గుర్తు తెచ్చుకోండి. రక్తం ఇచ్చినరోజు మీకు జ్వరంగానీ, ఏదైనా పుండుగానీ...”

అవతల నిచ్చెన జరిపిన చప్పుడు మాత్రం వినిపించింది.

“ఉన్నారా?”

“ఉన్నానమ్మా. తిట్టనంటే ఒకమాట చెప్తా.”

“అబ్బా, చెప్పండి!”

“ముప్పయ్యేళ్లు లారీ తోలినవాణ్ణి. సూది చూస్తే మాత్రం పైప్రాణాలు పైనే పోతాయి. అందుకని ఆవేళ నా కార్డు చేతిలో పెట్టి మా బావమరిదిని పంపా. మీవాళ్లు కార్డు చూశారుగానీ మొహమెవరు చూశారు?”

ఇద్దరు డాక్టర్లూ నోరెళ్లబెట్టారు. అంటే ఆ రక్తం ఈయనది కానే కాదు!

“మరి ఆయనకి గుండెజబ్బుందా?”

“వాడికా! జలుబంటే ఏంటో ఎరగని మనిషి. ఉక్కుముక్క!”

పెద్ద డాక్టరు నీరుగారిపోయి కుర్చీలో కూలబడ్డాడు. డాక్టరమ్మ మాత్రం గడియారం సంగతే మర్చిపోయింది. ఫోను రెండుచేతులతో పట్టుకుంది.

“బాబాయిగారూ, నా మాట వినండి! ఆ అంకె మంచిది కాదు. పైకి ఎలా ఉన్నా సరే, ఆయన్ని ఉన్నపళంగా తీసుకొచ్చేయండి. ఇవాళే! ఎంతసేపైనా నేనిక్కడే ఉంటా, నేనే చూస్తా!”

“ఎక్కణ్ణుంచి తీసుకురానమ్మా?” అన్నాడు పెద్దాయన. “వాడు పోయి ఏడాది దాటింది. పొద్దున్నే పనికి బయల్దేరి, చెప్పులేసుకుంటూ వేసుకుంటూ గుమ్మంలోనే ఒరిగిపోయాడు. గుండెపోటన్నారు. మా ఆవిడ ఇంకా తేరుకోలేదు.”

డాక్టరమ్మ మెల్లగా ఫోను బల్లమీద పెట్టింది. కళ్లనిండా నీళ్లు తిరిగాయి. ఫోను ఇంకా స్పీకర్లోనే ఉంది.

“అమ్మయ్య!” అంటూ బల్ల గుద్ది లేచాడు పెద్ద డాక్టరు.