నడిమి ఫ్యాన్

ఇంకాసేపట్లో పరీక్ష అనగా నడిమి ఫ్యాన్ కిర్రుమని ఆగిపోయింది.

పిడుగుకు పై ప్రాణాలు పైనే పోయాయి.

ఆమెను అందరూ పిలిచే పేరే అది. అక్కతో కలిసి కంప్యూటర్లు బాగుచేసే చిన్న కొట్టు నడుపుతోంది. ఇప్పుడు కంప్యూటర్లు తయారుచేసే పోటీకి వచ్చింది. ఇందులో గెలిస్తే ఒక బొమ్మల సినిమాల కంపెనీకి కావలసిన కంప్యూటర్లన్నీ వాళ్లే తయారుచేసివ్వొచ్చు. ఏడాది పొడుగునా చేతినిండా పని.

గెలవాలంటే కంప్యూటర్ ఎంత బరువైన పని చేసినా మిగతావాళ్ల వాటికంటే తక్కువ వేడెక్కాలి. లోపలి వేడిని గొట్టాల్లో నీళ్లు మోసుకొస్తాయి. ఆ నీళ్లను చల్లార్చేది రేడియేటర్. దానికి గాలి కొట్టే మూడు ఫ్యాన్లలో ఒకటి ఇప్పుడు చచ్చి కూర్చుంది.

ఒకరి పనితనం ఇంకొకరు చూడకుండా బల్లల మధ్య తెరలు కట్టారు. వాటి మీదుగా, ఎవరైనా ఒక ఫ్యాన్ తెచ్చిపెట్టమని పిడుగు గొంతు చించుకుంది.

నెరిసిన గడ్డం ఉన్న ఒకాయన తెర పక్కకు తీసి వచ్చాడు. చేతిలో ఫ్యాన్.

పోటీవాళ్లకు విడిభాగాలు ఇచ్చే కౌంటర్ మనిషి కాబోలు అనుకుంది.

"పిలిస్తే పలకడానికి ఇంతసేపా? ఇక్కడ మా కొంప మునుగుతోంది."

"కంగారుపడకమ్మా. నేను పట్టుకుంటాను, నువ్వు మరలు బిగించు."

బిగించింది. స్విచ్ వేసి రేడియేటర్ వెనక చెయ్యి పెట్టింది. గాలి రివ్వున తగిలింది.

ఆయన మొహం వెలిగింది. ఏదో అనబోయాడు.

బయటివాళ్లుంటే తనను పోటీలోంచి తీసేస్తారని, ఇక వెళ్లమని తొందరపెట్టింది పిడుగు.

ఆయన తలూపి వెళ్లిపోయాడు.

గంట మోగి పరీక్ష మొదలైంది. హాలంతా హోరు. కంప్యూటర్ తెర మీద వేడి అంకె ఎక్కింది, ఇంకా ఎక్కింది, మరీ ఎక్కుతుందేమోనని పిడుగు గుడ్లప్పగించి చూస్తుండగా మొండికేసినట్టు అక్కడే ఆగింది.

గెలుపు ఆమెదే!

అక్క ప్రేక్షకుల కుర్చీల మధ్య నుంచి తోసుకుంటూ వచ్చి చెల్లెల్ని అమాంతం ఎత్తేసింది. ఇద్దరూ నవ్వుతున్నారో ఏడుస్తున్నారో వాళ్లకే తెలియలేదు.

ఆ సందడి కాస్త తగ్గాక పిడుగు నాలిక్కరుచుకుంది. ఆ మనిషిని కసురుకోవడమే తప్ప మంచిమాట ఒక్కటీ అనలేదు. అక్క చెయ్యి పట్టుకుని విడిభాగాల కౌంటర్‌కు పరిగెత్తింది.

తమ దగ్గర గడ్డం మనిషే లేడంది అక్కడి అమ్మాయి.

పక్కనే నిలబడ్డ న్యాయనిర్ణేత ఆ మాట విన్నాడు.

"నెరిసిన గడ్డమా? నీ పక్క బల్ల ఆయనమ్మా, ఇప్పుడే వెళ్లిపోయాడు. రేడియేటర్‌కు ఒకవైపు గాలి తోసే ఫ్యాన్లు, రెండోవైపు లాగేవి, భలేగా అమర్చాడు. చివర్లో ఎందుకో ఒక ఫ్యాన్ ఊడదీసుకుని, ఒక్క డిగ్రీ తేడాతో నీ చేతిలో ఓడిపోయాడు."