మోకు అడిగిన చుక్క

ఒక చుక్క నెత్తురు చూపించనిదే ఈ రోజుల్లో కల్లుగీతవాళ్ళ నడుముకు చెట్టెక్కే మోకుతాడు బిగుసుకోదు. తలకు దెబ్బ తగిలి మెదడు ఇంకా మానకపోతే ఆ జాడ నెత్తురులో దొరికిపోతుంది. మోకుకున్న బిళ్ళ ఎర్రగా వెలుగుతుంది, కొక్కెం పడదు.

రెండు నెలల కిందట తాటిచెట్టు మీంచి పడి, పది రోజులు స్పృహ లేకుండా ఉన్న రాజమల్లుకు రోజూ పొద్దున్నే ఎరుపే వస్తోంది. ఈ వారం కూడా ఎక్కకపోతే అతని చెట్లు మరొకరికి పోతాయి.

"నీ వేలియ్యే," అన్నాడు భార్య స్వరూపతో. "ఎవలి నెత్తురో దానికేమెరుక?"

"మల్ల పడితే?"

"పడితే మెదడు పోతది. నాకు లేనే లేదంటవు గద!"

స్వరూప నవ్వలేదు. కొంగుకు చెయ్యి తుడుచుకుని వేలు చాపింది. అతను సూదితో పొడిచి, చుక్కను బిళ్ళ మీద పెట్టాడు.

బిళ్ళ ఎర్రగా వెలిగింది. అతనికి వచ్చే ఎరుపు కన్నా చిక్కగా.

"ఖరాబైందా ఏంది?" అని తుడిచి మళ్ళీ పెట్టాడు. అదే ఎరుపు.

అప్పుడు తట్టింది. ఆ రోజు తాను పడింది, కింద కుండ పట్టుకుని నిల్చున్న స్వరూప మీదేనని అందరూ చెప్పారు. అందరూ తననే ఎత్తుకుని ఆసుపత్రికి పరుగెత్తారు. ఆమె తల మీది బొప్పికి ఇంత పసుపు రాసుకుని వెంట వచ్చింది. ఆమె నెత్తురు ఎవరూ చూడలేదు.

రాజమల్లు మోకు కింద పెట్టాడు. స్పృహ వచ్చాక ఆసుపత్రిలో తనను అడిగిన మాటే అడిగాడు.

"స్వరూపా, ఇయ్యాల ఏ వారమే?"

"గదేం అడుగుడు?" అని ఆమె నవ్వింది. ఆ నవ్వు ముఖం మీద అలాగే ఉండగా, ఆమె కళ్ళు క్యాలెండరు కోసం గోడంతా వెతికాయి.